నీలం అంచు పళ్ళెం

సాన్ గాస్పర్ సొరంగంలో వరసకి చివర్న నడవకూడదు. మా ఊళ్ళో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. ఎందుకూ అని అడిగితే మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పరు. శిలువ గుర్తు వేసుకుని పనుందంటూ వెళ్ళిపోతారు.

దూరం నించి చూస్తే అది మామూలు గుట్టే. గడ్డి, నాగజెముడు, కొనన చిన్న చర్చి. కానీ అది గుట్ట కాదు... మా తాతల తాతలకి ముందెవరో రాయి మీద రాయి పేర్చి కట్టిన పిరమిడ్. కట్టినవాళ్ళు పోయారు, మట్టి కప్పేసింది, మట్టి మీద గడ్డి మొలిచింది.

దాని కడుపులో ఏముందో చూడాలని నలభై ఏళ్ళ కిందట పట్నం నించి పండితులు వచ్చారు. మా ఊరి మగాళ్ళ చేత అడ్డంగా సొరంగం తవ్వించారు. మనిషి తల వంచుకుని నడిచేంత ఎత్తు, ఇద్దరు పక్కపక్కన పట్టనంత వెడల్పు. ఆ తవ్వకంలో ఒక పక్క పాయ కూలింది. లోపల తొమాసా అత్త మొగుడు నికనోర్ ఉన్నాడు.

తవ్వి తీయబోతే ఇంకా కూలుతుందన్నారు. ఆ పాయకి అడ్డంగా గోడ కట్టేశారు. రాజుల కోసం కట్టిన పిరమిడ్‌లో మా ఊరి కూలివాడు పడుకున్నాడు.

అప్పట్నించీ మొదలైంది ఈ మాట. వరసకి చివర్న నడిచేవాళ్ళ చేతిని ఎవరో పట్టుకుంటారట. గరుకు చేయి. చల్లగా ఉంటుందట. వెనక్కి తిరిగితే... ఎవరూ ఉండరు.

నేను ఆ సొరంగం వాకిట్లోనే ముప్ఫై ఏళ్ళు మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మాను. నా చేయి ఎవరూ పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే ఊరికే వదిలేదాన్నా, నాలుగు బస్తాల పిండి మోయించుకునేదాన్ని. అలా నవ్వేదాన్ని నేను. ఇప్పుడు చెప్పబోయేది జరిగే దాకా.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు. ఆ రోజు కాలు వాచి ఇంట్లో కూర్చుండిపోయాను. సగం లెయాంద్రో చెప్పాడు, సగం తొమాసా అత్త చెప్పింది. చివరి ముక్క మాత్రం నాది.

అక్టోబరు ఇరవై ఎనిమిది. ప్రమాదంలో పోయినవాళ్ళు ఇంటికొచ్చే రోజు. చిన్నపిల్లలూ, మంచం మీద పోయిన పెద్దలూ నవంబరులో నింపాదిగా వస్తారు. వీళ్ళకి ఆగడం తెలీదు. పోవడమూ తొందరే, రావడమూ తొందరే.

వాళ్ళు దారి తప్పకుండా వీధిలోంచి ఇంట్లోకి బంతిపూల రేకులు చల్లుతాం. దీపం, సాంబ్రాణి, ఇష్టమైన కూర పెడతాం. వచ్చినవాళ్ళు మనలాగ నమలరు, మింగరు. వాసన తీసుకుంటారు, దాంతోపాటు రుచి తీసుకుంటారు. మర్నాడు ఆ తిండి మనం తింటే చప్పగా ఉండాలి. చప్పగా ఉంటే వచ్చి వెళ్ళినట్టు.

తొమాసా అత్త ఇంట్లో పెట్టేది కాదు. నికనోర్ ఉన్నది గుట్ట లోపలైతే ఇంట్లో ఏం పెడతాం అనేది. సాయంత్రం సొరంగం తలుపు దగ్గరికే తీసుకెళ్ళేది. అది రేకు తలుపు, కింద బెత్తెడు సందు ఉంటుంది. కుక్కలు ముట్టుకోకుండా పళ్ళేలు ఆ సందులోంచి లోపలికి తోసేది. లోపల చీమ గానీ ఎలుక గానీ ముట్టేది కాదు. అదో వింత.

రెండు పళ్ళేలు. ఒకటి నికనోర్ తిన్న పాత పళ్ళెం, తెల్లటి పూత, నీలం అంచు. రెండోది మట్టిది. అది దిక్కులేని ఆత్మకి. తలుచుకునేవాళ్ళెవరూ లేని ఆత్మ ఒకటి ప్రతి చోటా తిరుగుతుంటుంది, దాన్ని పస్తు ఉంచకూడదు.

ఆ ఏడు కూర నేనే చేశాను. తొమాసా అత్త వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి, సన్నికల్లు మీద నూరలేదు. వాచిన కాలు పీట మీద పెట్టుకుని నాలుగు రకాల ఎండుమిరపకాయలు, నువ్వులు, కోకో గింజలు నూరి, కోడి వేసి మోలె వండాను. చేతులు రెండ్రోజులు మండాయి. ఒకే కుండలోంచి, ఒకే గరిటెతో రెండు పళ్ళేల్లోనూ వేశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక లెయాంద్రో సంగతి.

అతనిది మెక్సికో నగరం. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మంచివాడే గానీ ముక్కు మీద కోపం. అలిగాడంటే ఎక్కడున్నా సరే, వచ్చిన జనాన్ని వదిలేసి బస్సెక్కి ఇంటికి పోతాడు. పెళ్ళిళ్ళలోంచి పోయాడు, బాప్టిజంలోంచి పోయాడు. ఒకసారి తన సొంత పుట్టినరోజులోంచే పోయాడట.

ఆ ఏడు ఇరవై ఎనిమిది ఆదివారం పడింది. భార్య ఓఫెలియా, బావమరిది రోహెలియో, అత్తగారు, ఇంకో పదిమంది చుట్టాలు, అంతా వ్యాను కట్టించుకుని పిరమిడ్ చూడ్డానికి పొద్దున బయల్దేరి వచ్చారు. ఓఫెలియాకి ఏడో నెల. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు.

మధ్యాహ్నం సొరంగంలోకి వెళ్ళబోతూ రోహెలియో నోరు ఊరుకోలేదు.

"బావా, పేరు ఖాయం చేసేశాం. పిల్లాడు పుడితే ఫుల్హెన్సియో. మా నాన్న పేరు. అమ్మకి మాటిచ్చేశాను."

"నీ కొడుక్కి పెట్టుకో."

"నాకు పెళ్ళెక్కడైంది?"

"ఆ పేరు పెడతానని చెప్పు, అసలు అవదు." లెయాంద్రో గొంతు అప్పటికే లేచింది. "చచ్చినవాళ్ళ పేరు పుట్టేవాళ్ళ నెత్తిన రుద్దడమేంటి? నా బిడ్డకి బతికున్న పేరు పెడతా."

ఓఫెలియా ఆగిపోయింది. తండ్రి పోయి అప్పటికి ఏడాదే.

"మా నాన్న నీకు ఉత్త చచ్చినవాడా?"

"కాదా మరి?" అన్నాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు గానీ, ఆ మనిషికి క్షమించమనడం చేతకాదు.

"పో," అంది ఓఫెలియా. "బస్సెక్కి పో. నీకు అలవాటేగా."

అందరూ వరసగా లోపలికి నడిచారు. లెయాంద్రో చివర్న నడిచాడు. మా ఊరివాడైతే నడిచేవాడు కాదు.

ఒక చోట దారికి పక్కగా చిన్న పాయ ఉంది, అడ్డంగా గొలుసు. గొలుసు దాటి లోపలికి వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు. ఓఫెలియా వెతుక్కుంటూ వస్తుంది, అప్పుడు లేస్తాను అనుకున్నాడు. అలిగి పోయేవాళ్ళంతా వెనక్కి పిలుస్తారనే పోతారు. ఆ సంగతి వాళ్ళకి తప్ప అందరికీ తెలుసు.

ఆవిడ రాలేదు. వాళ్ళు అవతలి తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు. మనిషి కనబడకపోతే అత్తగారు, "ఇంకేముంది, బస్సెక్కేశాడు," అంది. ఎవరూ కాదనలేదు. వ్యాను వెళ్ళిపోయింది.

తలుపులు మూసే ముందు కాపలా అబుందియో గంట కొట్టాడు. ఎవరైనా ఉన్నారా అని కేకెయ్యడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అలా కేకేశాడట. లోపల్నించి, "ఉన్నాను," అని వినబడిందట. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. ఆనాటి నించీ అడగడం మానేసి చేతిగంట కొడతాడు. ఉన్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళు జవాబు చెప్పక్కర్లేదు.

లెయాంద్రోకి గంట వినబడింది. కానీ మెక్సికో నగరంలో పుట్టి పెరిగినవాడికి వీధిలో చేతిగంట మోగిందంటే ఒకటే అర్థం. చెత్తబండి వచ్చింది, సంచి పట్టుకుని పరిగెత్తాలి. ఈ పల్లెటూరికి కూడా చెత్తబండి వచ్చేసిందే అనుకున్నాడు. ఇవాళ ఓఫెలియా తన చెత్త తనే పారబోసుకోనీ అని పళ్ళు కొరికాడు. కదల్లేదు.

దీపాలు ఆరిపోయాయి.

దూరంగా రేకు తలుపు ధడేల్మంది... ఆ చప్పుడు గోడల వెంట పాక్కుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది.

బయట ఇంకా ఎండ ఉంది. లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. లేచాడు, తల పైరాయికి కొట్టుకుంది. గోడ పట్టుకుని, గొలుసు తట్టుకుని పడి, మోకాళ్ళు గీసుకుని తలుపు దాకా వచ్చాడు. గుద్దాడు. అరిచాడు. అబుందియో అప్పటికే తాళంచెవులు జేబులో వేసుకుని భార్య పుట్టింటికి పోయే బస్సులో ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది లెయాంద్రోకి, పొద్దున వాకిట్లో చదివిన బోర్డు. పండుగకి మూసేస్తాం, మళ్ళీ మూడో తేదీన తెరుస్తాం.

మంచినీళ్ళు లేవు. తలుపు కింద సందులోంచి చేయి పడుతుంది, తల పట్టదు. ఎవరూ వెతకరు. అలిగి పోయాడంటారు, రెండ్రోజులకి ఇంకా అలక తీరలేదంటారు. మూడో తేదీకి అబుందియో తలుపు తీసేసరికి...

ఓఫెలియా కడుపులో బిడ్డ ముందురోజు రాత్రి తన్నింది. ఆవిడ అతని చేయి పట్టుకుని అక్కడ పెట్టుకుంది. ఆ చేతినే చీకట్లో ముఖానికి ఆనించుకుని ఏడ్చాడట. ఇది అతనే చెప్పాడు, సిగ్గుపడకుండా.

అవతలి తలుపు చూద్దామని మళ్ళీ లోపలికి నడిచాడు. సగం దారిలో ఎవరో దగ్గారు.

చిన్న దగ్గు. గొంతులో దుమ్ము పడితే వచ్చేది.

"ఎవరు?" అన్నాడు.

నిలబడ్డాడు. గబగబా నడిచాడు. అవతలి తలుపుకీ తాళమే, దాని కింద సందు కూడా లేదు.

ఎంతసేపు దాన్ని గుద్దాడో తెలీదు. ఇంతలో వెనక నించి... సన్నగా పాట. ఆడవాళ్ళ గొంతులు. సాంబ్రాణి వాసన.

పరిగెత్తాడు. తల రెండుసార్లు కొట్టుకుంది, మోచేతులు దోక్కుపోయాయి. వచ్చి రేకు తలుపు మీద రెండు చేతులతో బాదాడు.

పాట ఆగిపోయింది.

బయట ప్రార్థన చదివే ఒబ్దూలియా, తొమాసా అత్త, ఇంకో ఏడెనిమిదిమంది. పళ్ళేలు అప్పుడే లోపలికి తోసి, కొవ్వొత్తి వెలిగించి మోకరించారు. లోపల్నించి తలుపు మీద దెబ్బలు.

"తలుపు తియ్యండి... నేను లోపలున్నాను..."

నలభై ఏళ్ళుగా పెడుతున్నారు, ఎన్నడూ పలకలేదు. ఒబ్దూలియా ఒక్కతే నిబ్బరంగా ఉంది. చావుల దగ్గర కూర్చుని కూర్చుని ఆవిడకి దేనికీ వణుకు రాదు.

"తెలుసు నాయనా," అంది మెల్లగా. "అక్కడే ఉన్నావని తెలుసు. నీకోసమే వచ్చాం."

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, తలుపు తీయించండి. నేను బతికే ఉన్నాను."

"అలాగే అనిపిస్తుంది నాయనా. మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుంది."

"నిజంగా బతికున్నానమ్మా. నా పేరు లెయాంద్రో."

బయట గుసగుసలు. "పేరు కూడా మర్చిపోయాడు పాపం," అన్నారెవరో. "అన్నేళ్ళు చీకట్లో ఉంటే మనకి మాత్రం గుర్తుంటుందా," అని ఇంకొకరు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను..." లెయాంద్రో మళ్ళీ తలుపు బాదాడు. "నా భార్య కడుపుతో ఉంది. ఇంటికి పోవాలి."

ఆ మాటకి తొమాసా అత్త కూలబడిపోయింది. సొరంగం కూలిన రోజు ఆవిడకి ఏడో నెల.

పాక్కుంటూ వచ్చి తలుపుకి ముఖం ఆనించింది. "ఔనయ్యా," అంది. "కడుపుతోనే ఉన్నాను. నువ్వు పోయిన వారానికే... బిడ్డ నిలవలేదయ్యా. నీకు చెప్పే దారి లేకపోయింది. అప్పుడే పోయింది."

లోపల లెయాంద్రో చేతులు తలుపు మీంచి జారిపోయాయి.

ఎవరో ముసలి గొంతు. నా బిడ్డ పోయిందంటోంది. అప్పుడు పోయిందంటోంది. అప్పుడంటే ఎప్పుడు? నేను లోపలికి వచ్చి ఎంతకాలమైంది? చీకట్లో తల కొట్టుకున్నప్పుడు... కొట్టుకుని ఊరుకుందా, లేకపోతే...

"ఓఫెలియా?" అన్నాడు.

అది బయటికి వినబడలేదు. వాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకున్నారు, వెళ్ళిపొమ్మని, విశ్రాంతి తీసుకొమ్మని. లేత గొంతులు కూడా కలిశాయి. తన కోసం అంత తియ్యగా ఎవరూ ఎప్పుడూ పాడలేదని, అది వింటుంటే ఒళ్ళు చల్లబడిపోయిందని చెప్పాడు లెయాంద్రో.

ఆఖరి ప్రయత్నంగా నేల మీద పడుకుని సందులోంచి చేయి బయటికి చాచాడు. మోచేతి దాకా తెల్లటి దుమ్ము, గోళ్ళలో నెత్తురు. ఆ చేయి తడుముకుంటూ పోయి ఒబ్దూలియా శాలువా అంచు పట్టుకుంది.

దేనికీ వణుకు రాని ఒబ్దూలియా శాలువా అక్కడే వదిలేసి పరిగెత్తింది. మిగతావాళ్ళు ఆవిడ కంటే ముందు పరిగెత్తారు. ఒక చెప్పు దొరికింది మర్నాడు, ఎవరిదో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. నేనక్కడుంటే అప్పుడే తాళం పగలగొట్టించేదాన్ని అని అందరికీ చెబుతుంటాను. నిజానికి నా కాలు బాగుంటే అక్కడ ఇంకో చెప్పు కూడా దొరికేది, నాది.

తొమాసా అత్తని ఇద్దరు రెక్కలు పట్టి ఈడ్చుకుపోయారు. "చేయి చాచాడే... పట్టుకోనివ్వండే..." అంటూనే ఉందట ఇల్లు చేరే దాకా.

సందులోంచి కొవ్వొత్తి వెలుగు గీతలా కాసేపు కనబడి, ఆరిపోయింది. లెయాంద్రో గోడకి చేరబడ్డాడు. చచ్చినవాడికి మోకాలు మండుతుందా? మండుతోంది. కానీ చచ్చినవాళ్ళని అడిగి చూసిందెవరు?

అప్పుడు మళ్ళీ దగ్గు. ఈసారి పక్కనే... చేయి చాస్తే తగిలేంత దగ్గర.

"మీరూ ఇరుక్కుపోయారా?" అన్నాడు. మనిషి తోడు దొరికిందని ప్రాణం లేచొచ్చింది.

"ఊఁ."

"చాలాసేపైందా?"

"చాలాసేపైంది."

మాట నెమ్మదిగా ఉంది. పల్లెటూరి గొంతు. మా వైపు కూలివాళ్ళు మాట్లాడినట్టు ప్రతి మాటకీ ముందు కాస్త ఆగుతోంది.

"అరిచారా మరి?"

"మొదట్లో అరిచాను." ఆగింది. "నువ్వు లోపలికి పోకు. అక్కడ పైకప్పు మంచిది కాదు. ఇక్కడే కూర్చో."

కూర్చున్నాడు. ఆ పక్క నించి చల్లగా ఉంది, తడి మట్టి వాసన.

"నేను బతికున్నానంటారా?" లెయాంద్రో గుసగుసగా అడిగాడు. అలాంటి ప్రశ్న ఎవర్నైనా అడగాల్సొస్తుందని ఎన్నడూ అనుకోలేదతను.

"ఆకలేస్తోందా?"

మోలె వాసన అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం అలిగి ఏమీ తినలేదు. "వేస్తోంది."

"అయితే నువ్వు బయటివాళ్ళ మనిషివే. తిను." మళ్ళీ ఆగి, "మట్టి పళ్ళెం నీది. నీలం అంచున్నది నాది," అంది గొంతు.

తడిమి మట్టి పళ్ళెం అందుకున్నాడు. కోడి ముక్కలు, మోలె, మొక్కజొన్న రొట్టె. పక్కన చిన్న గిన్నెతో నీళ్ళు కూడా పెట్టింది తొమాసా అత్త. ఎముకలు పీల్చి పీల్చి తిన్నాడు. కారానికి కళ్ళు ధారలు కట్టాయి. కారంతోపాటు ఏడుపు కూడా వచ్చేసింది.

పక్క నించి నమిలే చప్పుడేదీ లేదు.

"మీరు తినరా?"

"తింటూనే ఉన్నాను," అంది గొంతు, తృప్తిగా. "ఒక్కణ్ణే అయితే సయించదు."

తర్వాత అడిగింది, "బయట ఆవిడ... ఏమంది? బిడ్డ నిలవలేదంది, కదూ?"

"ఔను."

"సరే," అంది చివరికి. "ఎవరూ చెప్పలేదు నాకు." అంతే. లెయాంద్రో గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయాడు. నిద్రలో ఎవరో తన చేయి పట్టుకున్నట్టు, గరుగ్గా ఉన్నట్టు అనిపించిందట. భయం వెయ్యలేదట.

తెల్లవారగానే తొమాసా అత్త ఒక్కతే వచ్చింది. పట్టుకోకుండా వదిలేసిన చేతిని పట్టుకుందామని. రాత్రంతా కన్ను మూయలేదు.

నేల మీద పడుకుని వంకర వేళ్ళతో సందులో తడిమింది. మొదట మట్టి పళ్ళెం తగిలింది. బయటికి లాగింది. శుభ్రంగా ఖాళీ, ఒక పక్కగా ఎముకల కుప్ప. ఆవిడకి ఏమీ తోచలేదు. ఆత్మలు వాసన తీసుకుంటాయి గానీ ఎముకలు కొరుకుతాయా?

మళ్ళీ చేయి పెట్టింది. చేయి దొరికింది.

వెచ్చగా ఉంది.

"ఆ వెచ్చదనం తగిలిన నిమిషం నా గుండె పగిలిపోయిందే," అంది నాతో. "నలభై ఏళ్ళు ఎదురుచూసి... పట్టుకున్న చేయి ఎవరిదో." అయినా ఆ చేయి వదల్లేదు. పట్టుకునే అరిచింది. ఊరంతా లేచేలా అరిచింది, మనిషి బతికున్నాడు, తాళం కొయ్యండి అని.

కమ్మరి వచ్చి తాళం కోస్తుండగా వ్యాను దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఓఫెలియా, రోహెలియో. ఇంట్లో మొగుడు లేడని తెలిసిన దగ్గర్నించీ ఆ పిల్ల కూర్చోలేదు, అన్నని కూర్చోనివ్వలేదు.

తలుపు తెరుచుకుంది. తల నించి కాళ్ళ దాకా తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి లెయాంద్రో బయటికి వచ్చాడు. ఎండకి కళ్ళు మూసుకుని తడుముతూ వెళ్ళి పెళ్ళాం పొట్ట మీద చేయి పెట్టాడు. లోపల్నించి ఒక తన్ను తగిలేదాకా తియ్యలేదు.

"బస్సెక్కావనుకున్నాను," అంది ఓఫెలియా ఏడుస్తూ.

"ఇంక ఎక్కను," అన్నాడు. "నన్ను క్షమించు. పేరు నీ ఇష్టం."

రోహెలియో పక్క నించి, "బావకి క్షమాపణ రావాలంటే పిరమిడ్‌లో పాతిపెట్టాలన్నమాట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు, తర్వాత అందరూ నవ్వారు.

అప్పుడు లెయాంద్రో వెనక్కి తిరిగాడు. "లోపల ఇంకో పెద్దాయన ఉన్నాడు. దగ్గుతున్నాడు. ముందాయన్ని తీయండి."

నలుగురు లాంతర్లు పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఈ కొస నించి ఆ కొస దాకా చూశారు. పాత గోడ దాకా వెళ్ళి చూశారు. వచ్చి లాంతర్లు ఆర్పేశారు.

"తల గట్టిగా కొట్టుకుందయ్యా నీకు," అన్నాడు కమ్మరి.

మొహం కడుక్కోడానికి అతన్ని మా ఇంటికే తీసుకొచ్చారు, దగ్గరని. ఈ కథంతా నా వంటింటి గడప మీద కూర్చునే చెప్పాడు.

"మోలె ఎలా ఉంది?" అనడిగాను. మనసు ఊరుకుంటుందా, వండింది నేను.

"కళ్ళల్లో నీళ్ళొచ్చాయమ్మా. ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువ."

ఊరంతా మెచ్చుకునే నా వంటకి వంక పెడతాడు, దెయ్యానికి పెట్టిన కూడు తిని. పోనీలే, చావు నోట్లోంచి వచ్చాడని ఊరుకున్నాను. వెళ్ళబోతూ గడప దగ్గర ఆగిపోయాడు. ముఖంలో రంగు మారింది.

"అమ్మా... అంత చీకట్లో ఆయనకి నీలం అంచు ఎలా కనబడింది?"

వ్యాను ఎక్కించి పంపించేశాం.

వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. నికనోరా అని పేరు పెట్టాడు. ఫుల్హెన్సియో కంటే ఘోరమైన పేరు, అయినా తండ్రి ముచ్చట. ప్రతి ఏడూ ఇరవై ఎనిమిదికి ముగ్గురూ వస్తారు.

వ్యాను వెళ్ళాక తొమాసా అత్త మా ఇంటికొచ్చింది. వీధిలో జనం అప్పటికే నవ్వుకుంటున్నారు, ముసలిది కుట్టుమిషన్లవాడికి మొగుడికి పెట్టినట్టు పెట్టిందని. ఆవిడ శాలువా కింద నించి ఏదో తీసి నా ముందు పెట్టింది.

నీలం అంచు పళ్ళెం. నేను వేసినది వేసినట్టే ఉంది. కోడి కాలు కూడా కదల్లేదు. మోలె మీద నువ్వులు చల్లినవి చల్లినట్టే ఉన్నాయి.

"ప్రతి ఏడూ మర్నాడు దీన్ని తీసుకెళ్ళి ఒక్కదాన్నే తినేదాన్ని," అంది. "రుచి పోయిందా అత్తా అని అడిగేవాళ్ళు మీరంతా. పోయిందనే చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా పోలేదే దెల్ఫీనా. ఉప్పు ఉప్పులాగే ఉండేది, కారం కారంలాగే ఉండేది. నలభై ఏళ్ళూ కారంగానే తిన్నాను. ఆయన నా మీద అలిగాడనుకునేదాన్ని."

ఎన్నిసార్లు అడిగానో నేనే.

"ఇవాళ నువ్వు చూడు," అంది.

వేలితో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకున్నాను. నా చేతులు అప్పటికీ మండుతున్నాయి, ఆ మిరపకాయలు నూరిన మంట. నాలిక మీద ఏమీ లేదు. ఉప్పు లేదు, కారం లేదు, కమ్మదనం లేదు. కోడి ముక్క తుంచి నమిలాను. తడి గుడ్డ నమిలినట్టుంది.

తలెత్తి చూశాను. తొమాసా అత్త ముఖం అలా వెలగడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"వచ్చే ఏడు ఇంకో గరిటె ఎక్కువ వెయ్యవే," అంది, నిండుగా ఉన్న ఆ పళ్ళెం కేసి చూస్తూ. "పాపం, ఏమీ మిగల్చలేదు."